అనాటమీ ఒక తీరుగా, ఫిజియాలజీ మరో తీరుగా: చదివే పద్ధతుల పోలిక, ఎంపిక సలహా

కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం, ఏలూరు కళాశాలల్లో ఏటా ఎంబీబీఎస్, బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ కోర్సుల్లో చేరే పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్‌లో బైపీసీ కష్టపడి చదివినవారే. అయితే ఆ రెండేళ్లలో వారికి అలవాటైనది నాలుగు ఆప్షన్లలో సరైనదాన్ని గుర్తుపట్టే పరీక్ష. కోర్సులో చేరిన కొద్ది నెలలకే పరీక్ష స్వభావం మారిపోతుంది. వైవా అనే మౌఖిక పరీక్షలో ఎగ్జామినర్ ఒక ఎముకను చేతికిచ్చి "ఇది ఏ వైపుది, చెప్పమ్మా" అంటారు; అక్కడ ఆప్షన్లు ఉండవు. చూసినదాన్ని గుర్తుపట్టడానికీ, ఏ ఆసరా లేకుండా గుర్తు తెచ్చుకోవడానికీ మధ్య ఉన్న దూరం అప్పుడే తెలుస్తుంది. చాలామంది పాత పద్ధతిలోనే ఇంకో రెండు గంటలు ఎక్కువ చదవడం మొదలుపెడతారు, ఇంటర్నల్స్‌లో మార్కులు రాకపోతే తమ తెలివినే అనుమానించుకుంటారు. వారు ముందు అనుమానించవలసినది చదివే తీరును.

మొదటి సంవత్సరం పిల్లలకు ఈ రెండు సబ్జెక్టులూ చెబుతూ వచ్చినదాన్ని బట్టి నాకు ఏర్పడిన గట్టి అభిప్రాయం ఒకటుంది. అనాటమీ, ఫిజియాలజీ ఒకే పేపరుగా ఉన్నా, ఒకే పుస్తకంలో ఉన్నా, రెంటినీ ఒకే పద్ధతిలో చదవకూడదు. అనాటమీ అడిగేది 'ఎక్కడ ఉంది, దేని పక్కన ఉంది, దేని గుండా వెళ్తుంది' అని. ఫిజియాలజీ అడిగేది 'దేని వల్ల జరిగింది, తరువాత ఏం జరుగుతుంది, మధ్యలో ఒకటి ఆగిపోతే ఏమవుతుంది' అని. మొదటిది స్థలానికి సంబంధించిన జ్ఞానం కాబట్టి కంటికీ చేతికీ పని చెప్పాలి. రెండోది కారణాల వరుస కాబట్టి బాణం గుర్తులతో, నోటితో పని చేయాలి. కింద చెప్పే పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలన్నా ఈ తేడాను దగ్గర పెట్టుకునే ఎంచుకోవాలి.

మళ్లీ మళ్లీ చదవడమా, మూసి రాయడమా?

ఈ పోలికలో నాకు సందేహం లేదు. అధ్యాయాన్ని నాలుగుసార్లు చదివి, హైలైటర్‌తో పసుపు గీతలు గీసుకునే పద్ధతి కన్నా, ఒకసారి శ్రద్ధగా చదివి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాసి, తరువాత పుస్తకం తెరిచి తప్పులు ఎర్ర సిరాతో దిద్దుకునే పద్ధతి చాలా మేలైనది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం, మళ్లీ చదవకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారే ముందున్నారు. మళ్లీ చదవడం మనల్ని ఎందుకు మోసం చేస్తుందో ఇందులోనే ఉంది. చదివిన వెంటనే పేజీ అంతా తెలిసినట్టే ఉంటుంది, ఆ తృప్తితో లేచిపోతాం. మూసి రాసేటప్పుడు రానివి బయటపడతాయి కాబట్టి మనసు చివుక్కుమంటుంది. ఆ కష్టమే పనిచేస్తోందని నమ్మి కూర్చోవాలి.

మళ్లీ చదవడానికి కూడా ఒక చోటు ఉంది. కొత్త అధ్యాయంలో పదాలే అర్థం కానప్పుడు, తరగతికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి చదవడం అవసరం. మూడోసారి అదే పేజీ తెరవాలనిపిస్తే మాత్రం పెన్ను తీయాలి.

అనాటమీ: ఎముకా, కెడావరా (చదువుకు ఇచ్చిన మృతదేహమా), బొమ్మా, ఫోనులో త్రీడీనా?

ఇక్కడ ఎంపిక మీ కోర్సును బట్టి, చదువుతున్న భాగాన్ని బట్టి మారుతుంది. ఒక్క హ్యూమరస్‌ను, అంటే భుజం నుంచి మోచేతి వరకు ఉండే ఎముకను తీసుకుని చూద్దాం. దాన్ని పట్టుకుని కళ్లు మూసుకోండి. గుండ్రంగా నున్నగా తగిలే తల పై కొన. అది శరీరం మధ్యవైపుకు, కొంచెం వెనక్కి తిరిగి ఉంటుంది. కింది కొనలో వెనకవైపు బొటనవేలు దిగేంత లోతైన గుంట ఒకటి తగులుతుంది, అదే ఓలిక్రనాన్ ఫోసా. తల లోపలికి, గుంట వెనక్కి ఉండేలా పట్టుకుంటే అది కుడి చేతిదో ఎడమ చేతిదో నోటితో చెప్పనక్కరలేకుండానే తెలిసిపోతుంది. ఇప్పుడు మూడు చోట్ల వేలు పెట్టండి. తల కింద సన్నబడిన సర్జికల్ నెక్ దగ్గర ఆగ్జిలరీ నరం చుట్టుకుని వెళ్తుంది. మధ్యలో వెనకవైపు ఏటవాలుగా సాగే గాడిలో రేడియల్ నరం నడుస్తుంది. కింద లోపలివైపు పొడుచుకొచ్చిన మీడియల్ ఎపికాండైల్ వెనక అల్నార్ నరం ఉంటుంది. మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమనేది దీనివల్లే. ఎముక ఎక్కడ విరిగితే చేతిలో ఏ పని పోతుందో ఈ మూడు చోట్లే చెబుతాయి. మధ్యలో విరిగి రేడియల్ నరం దెబ్బతింటే మణికట్టు పైకి లేవక వేలాడిపోతుంది. ఈ విషయాన్ని పేరాగా చదివినవారు పరీక్షకు ముందు మళ్లీ చదవవలసి వస్తుంది, వేలు పెట్టి తెలుసుకున్నవారు ఏళ్ల తరువాత కూడా చెప్పగలరు.

అందువల్ల చేతులు, కాళ్లు, వెన్నెముక, పుర్రె చదివేటప్పుడు బోన్ సెట్‌ను మించినది లేదు. సీనియర్ల దగ్గర నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చే సెట్ దొరికితే ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకోవచ్చు. నాసిరకం ప్లాస్టిక్ సెట్లలో గాళ్లు, గరుకు గుర్తులు సరిగా తెలియవు కాబట్టి కొనే ముందు హ్యూమరస్ వెనకవైపు గాడి మీద వేలు నడిపి చూడండి, అది తగలకపోతే ఆ సెట్ వద్దు.

ఫోనులోని త్రీడీ యాప్ పనికొచ్చే చోట్లు వేరు. మెదడులోని వెంట్రికల్స్ అనే ద్రవం నిండిన గదులు, కంటి గుంట లోపలి నరాలు, లోపలి చెవి, గజ్జల్లోని ఇంగ్వైనల్ కెనాల్ లాంటివి చేత్తో పట్టుకునేవి కావు, పుస్తకంలోని చదునైన బొమ్మలో ముందు వెనకలు తేలవు. పొరలు ఒక్కొక్కటిగా తీసి, తిప్పి చూపించే యాప్ అక్కడ నిజంగా మేలు చేస్తుంది. కానీ వేలితో తిప్పుతూ చూస్తే అందంగా కనిపించడమే తప్ప మనం చేసిన పని ఏమీ ఉండదు. పేర్లు కనబడకుండా పెట్టి, ముందు మీరు చెప్పి, తరువాత తెరిచి సరిచూసుకుంటేనే ఆ సమయానికి ఫలితం.

కెడావర్‌ను కోసి చూసే డిసెక్షన్ హాలు ఎంబీబీఎస్ పిల్లలకు తప్పనిసరి భాగం, దానికి ప్రత్యామ్నాయం లేదు. నర్సింగ్, ఫిజియోథెరపీ పిల్లలు ముందే విప్పి ఉంచిన భాగాలను చూడటమే ఎక్కువ. ఏదైనా ఖాళీ బుర్రతో హాల్లోకి వెళ్లకూడదు. ముందు రాత్రి ఆ భాగం గురించి ఒక పేజీ గీసుకుని వెళ్లిన పిల్ల అరగంటలో గ్రహించేది, చూసి తరువాత చదువుకుందామనుకున్న పిల్లకు ఆ మధ్యాహ్నమంతా నిలబడినా అందదు. తన శరీరాన్ని మన చదువుకు ఇచ్చిపోయిన మనిషి ముందు సిద్ధపడి నిలబడటం మర్యాద కూడా.

నర్సింగ్ పిల్లలకు నేను మొదట సూచించేది ఖర్చు లేని నమూనా, అంటే సొంత శరీరం. మోచేతి మడతలో వేళ్లు పెట్టి గట్టిగా తాడులా తగిలే బైసెప్స్ టెండాన్‌ను పట్టుకోండి. దానికి లోపలి పక్కనే బ్రేకియల్ ధమని కొట్టుకుంటుంది, ఇంకా లోపలికి మీడియన్ నరం ఉంటుంది. బీపీ చూసేటప్పుడు స్టెతస్కోపును ఎక్కడ పెట్టాలో ఆ వరుసే చెబుతుంది. పిరుదుకు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు దాన్ని నాలుగు భాగాలుగా ఊహించుకుని పై వెలుపలి భాగాన్నే ఎందుకు ఎంచుకుంటారు అన్న ప్రశ్నకు జవాబు సయాటిక్ నరం దారిలో ఉంది. రేపు వార్డులో చేసే పనితో ఇలా ముడిపెట్టి చదివినది నిలుస్తుంది, పరీక్షలోనూ అడిగేది ఎక్కువగా ఇవే.

బొమ్మ గీయడం గురించి పిల్లల్లో అనవసరమైన భయం ఉంది. అట్లాస్‌లోని బొమ్మను నీడలతో సహా దించుకోవడం చిత్రలేఖనం అవుతుంది, చదువు అవదు. కావలసినది రెండు నిమిషాల్లో గీయగల గీతల బొమ్మ. చేతికి వెళ్లే నరాల అల్లిక అయిన బ్రేకియల్ ప్లెక్సస్‌ను, వెన్నుపాము నుంచి వచ్చే సి5 నుంచి టి1 వరకు నరాలకు ఐదు గీతలతో మొదలుపెట్టి, అవి కలిసి మూడు ట్రంకులై, విడిపోయి, మళ్లీ మూడు కార్డులై, ఐదు పెద్ద నరాలుగా ముగిసే వరకు పుస్తకం చూడకుండా గీయగలిగితే చేతి నరాలలో సగం పని అయిపోయినట్టే. కణజాలాలను మైక్రోస్కోపులో చూసి చదివే హిస్టాలజీకి మాత్రం గులాబీ, ఊదా పెన్సిళ్లతో ఓపిగ్గా వేయడమే సరైనది, ఎందుకంటే స్లైడును గుర్తుపట్టడంలో రంగుకూ అమరికకూ పాత్ర ఉంది. రికార్డులోని బొమ్మను చూసి దించకుండా, మైక్రోస్కోపులో చూసినది వేయండి.

కొండగుర్తులు, కార్డులు

మణికట్టులోని ఎనిమిది ఎముకలు, తలలోని పన్నెండు జతల నరాలు, ఇలా ఏ కారణమూ లేని వరుసలకు మొదటి అక్షరాలతో కట్టిన కొండగుర్తు బాగానే పనిచేస్తుంది. తెలుగులో మీరే కట్టుకున్నది ఇంకా బాగా నిలుస్తుంది. ఫిజియాలజీలో కారణం ఉన్న ప్రతి చోటా కొండగుర్తు హాని చేస్తుంది, ఎందుకంటే వరుస గుర్తుండి కారణం జారిపోతుంది.

ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే కార్డుల విషయంలో కాగితమా, ఫోనా అన్నది అసలు ప్రశ్న. మరిచిపోబోయే సమయానికి మళ్లీ ఎదురుపడేలా చేయడమే కార్డుల రహస్యం. చదివినది రోజులు గడిచేకొద్దీ ఎలా జారిపోతుందో జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీదే ప్రయోగాలు చేసుకుని చూపించారు. 1970లలో లైట్నర్ అనే పాత్రికేయుడు అట్టపెట్టెలో అరలు పెట్టి ఒక పద్ధతి చెప్పారు: సరిగా చెప్పిన కార్డు తరువాతి అరలోకి వెళ్లి కొన్ని రోజులు ఆగి వస్తుంది, తప్పిన కార్డు మొదటి అరకు వచ్చేసి రేపే మళ్లీ ఎదురవుతుంది. ఆంకి అనే యాప్ ఇలాంటి లెక్కనే తనంతట తానే చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో అది ఉచితం.

ఎంబీబీఎస్ చదివేవారికి, ఏడాది పొడవునా పేరుకునే విషయం ఎక్కువ కాబట్టి, ఆంకి మంచిది. కాకపోతే అమెరికా పరీక్షల కోసం ఎవరో తయారు చేసిన వేల కార్డులను దించుకుని రోజూ వాటి వెంట పరుగెత్తవద్దు. అవి మన వైవాకు, మన థియరీ పేపరుకు కుదిరేవి కావు. తరగతిలో విన్న రోజే సొంతంగా పదిహేను ఇరవై కార్డులు రాసుకోవడం చాలు. ఫోను తెరిస్తే రీల్స్ దాకా వెళ్లిపోయే అలవాటు ఉన్నవారు, ముమ్మిడివరం నుంచో రాజోలు నుంచో రోజూ బస్సులో వచ్చిపోయేవారు చొక్కా జేబులో పట్టే కాగితపు కార్డులు ఎంచుకోవాలి. వానాకాలంలో కరెంటు పోయినా వాటికి ఇబ్బంది లేదు. ఏ రకమైనా ఒక కార్డుకు ఒకే ప్రశ్న ఉండాలి. 'మూత్రపిండం గురించి రాయుము' అన్నది కార్డు కాదు.

ఫిజియాలజీ: వీడియోనా, బాణాల కాగితమా?

తరగతిలో అర్థం కాని విషయాన్ని తెలుగులో చెప్పే వీడియో చూడటం తప్పు కాదు. గుండె కొట్టుకోవడం, నరంలో సంకేతం నడవడం, కండరం ముడుచుకోవడం లాంటి కదిలే విషయాలకు కదిలే బొమ్మే సరైనది. అయితే వీడియో ముగిసే సరికి అర్థమైనట్టే అనిపిస్తుంది, పేపరు ముందు కూర్చుంటే నాలుగు వాక్యాలు రావు. అందుకని పది నిమిషాల వీడియో చూస్తే, ఆపి, పది నిమిషాలు బాణాల కాగితం గీయాలి. ఈ నియమం పాటించలేనివారు వీడియోలు మానేయడమే మంచిది.

బాణాల కాగితం అంటే ఏమిటో చూపిస్తాను. దాళ్వా కోతల్లో ఎండలో పనిచేసిన మనిషికి చెమట ధారగా పోయింది, నీళ్లు తాగలేదు అనుకుందాం. చెమటలో ఉప్పు కన్నా నీరే ఎక్కువగా పోతుంది కాబట్టి రక్తం పరిమాణం తగ్గుతుంది, చిక్కదనం పెరుగుతుంది. ఇక్కడి నుంచి రెండు బాణాలు వేయాలి. చిక్కదనం పెరిగిందని హైపోథాలమస్‌లోని ఆస్మోరిసెప్టర్లు కనిపెట్టడం, దాహం వేయడం, పిట్యుటరీ వెనక భాగం నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ విడుదల కావడం, మూత్రపిండాల్లోని కలెక్టింగ్ డక్టులు నీటిని వెనక్కి తీసుకోవడం, మూత్రం తక్కువగా, ముదురు రంగులో రావడం, ఇది ఒక దారి. పరిమాణం తగ్గింది కాబట్టి బీపీ తగ్గబోవడం, మెడలోని కెరోటిడ్ సైనస్, గుండె నుంచి బయలుదేరే అయోర్టా వంపులలో ఒత్తిడిని కనిపెట్టే బేరోరిసెప్టర్లు తక్కువ సంకేతాలు పంపడం, సింపథెటిక్ నరాల వ్యవస్థ మేల్కొని నాడి వేగం పెరగడం, మూత్రపిండం రెనిన్ అనే ఎంజైమును వదలడం, దానివల్ల యాంజియోటెన్సిన్-2 తయారై రక్తనాళాలు బిగుసుకోవడం, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ వచ్చి సోడియం నిలబడటం, ఇది రెండో దారి. గీసిన తరువాత ఏదో ఒక బాణాన్ని చేత్తో మూసి, 'ఇది పనిచేయకపోతే కింద ఏమవుతుంది' అని అడగండి. ఏడీహెచ్ బాణం మూస్తే నీళ్లలాంటి మూత్రం అతిగా పోయే డయాబెటిస్ ఇన్సిపిడస్, ఆల్డోస్టిరాన్ బాణం మూస్తే ఆడిసన్ వ్యాధిలో బీపీ పడిపోవడం వాటంతట అవే అర్థమవుతాయి. ఇలా ఒక్క కాగితంతో మూడు ప్రశ్నలకు జవాబులు సిద్ధమవుతాయి.

అర్థం కాని చోట ఊరిలోని విషయంతో పోల్చుకోవడం కూడా మంచి పద్ధతే, దాని హద్దు తెలిసి ఉంటే. రక్తపోటును నియంత్రించేది ముఖ్యంగా ఆర్టీరియోల్స్ అనే సన్నటి నాళాలు అని చెబితే పిల్లలకు వింతగా ఉంటుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలో నీటి మట్టం, పంట బోదెల తూములు ఎన్ని తెరిచి ఉన్నాయన్న దాని మీద కూడా ఆధారపడుతుందని డెల్టాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. పైన తూములన్నీ ఒకేసారి ఎత్తేస్తే కాలువ మట్టం పడిపోయి శివారు భూములకు నీరందదు. తీవ్రమైన ఎలర్జీ షాక్‌లో ఆర్టీరియోల్స్ అన్నీ తెరుచుకుని బీపీ పడిపోవడం అటువంటిదే. పోలిక ఇక్కడితో ఆగాలి. కాలువ నీరు పల్లానికి పారి సముద్రంలో కలుస్తుంది. రక్తం గుండె నెట్టగా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. పైగా నాళం వ్యాసార్థం సగానికి తగ్గితే, మిగతావేవీ మారకపోతే, ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. అంత లెక్క తూముతో తేలదు. పరీక్షలో రాయవలసినది ఆ లెక్కనే, తూమును కాదు.

అంకెలను కూడా బట్టీ పట్టకుండా గుణించి చూసుకోవాలి. గుండె ఒక్కసారి కొట్టుకుంటే 70 మి.లీ., నిమిషానికి 72 సార్లు, అంటే నిమిషానికి సుమారు 5 లీటర్లు. మూత్రపిండాలు నిమిషానికి 125 మి.లీ. వడకడితే రోజుకు 180 లీటర్లు. బయటికి వచ్చే మూత్రం లీటరున్నర మాత్రమే. మిగతా నీరంతా ఎక్కడికి పోయింది అన్న ప్రశ్న పుట్టిన పిల్లకు నెఫ్రాన్ (మూత్రపిండంలోని సన్నటి వడపోత గొట్టం) పాఠం మీద ఇక ఎవరూ ఆసక్తి కలిగించనక్కరలేదు. కండరానికి తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికి వచ్చినప్పుడు, దాన్ని 1927లో ఫిస్కేతో కలిసి కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారని నేను పిల్లలకు తప్పకుండా చెబుతాను. అది మార్కుల కోసం కాదు. ఈ పాఠం ఎక్కడో పుట్టి మన మీద పడినది అనుకునే పిల్లకు అది ధైర్యమిస్తుంది.

ఒంటరిగానా, కలిసా? తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

చదవడం ఒంటరిగా, చెప్పడం కలిసి. ముగ్గురు కూర్చుని, ఒక్కొక్కరు తమకు వచ్చిన పాఠాన్ని పుస్తకం లేకుండా మిగతా ఇద్దరికి చెప్పి, వారి ప్రశ్నలు తట్టుకోవడం వైవాకు అన్నిటికన్నా మంచి సాధన. నలుగురు దాటితే అది కబుర్లలోకి దిగుతుంది. ఎప్పుడూ వినేవారుగానే ఉండిపోయే బిడియస్థులకు ఇది ఉపయోగపడదు. వారు ఒక్క స్నేహితురాలితో జత కట్టడం నయం.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు భాష విషయంలో సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లీషు వాక్యాన్ని అర్థం కాకుండా బట్టీ పట్టడం కన్నా, ఇంగ్లీషు పదాలను అలాగే ఉంచి, కారణాలను తెలుగు వాక్యాల్లో ఆలోచించడం ఎంతో మేలు. కానీ పేపరు ఇంగ్లీషులోనే రాయాలి కాబట్టి మొదటి నెల నుంచే వారానికి రెండు జవాబులైనా ఇంగ్లీషులో రాసి మాస్టారికి చూపించుకోవాలి. ఆ పనిని పరీక్షల నెలకు వాయిదా వేసినవారికి విషయం తెలిసి కూడా మార్కులు తగ్గడం నేను చూశాను.

ఎవరికి ఏది?

నర్సింగ్ విద్యార్థినికి సొంత శరీరం మీద గుర్తులు, బాణాల కాగితం, కాగితపు కార్డులు చాలు. బోన్ సెట్ కళాశాలలో తీసుకుని చూడవచ్చు, త్రీడీ యాప్‌కు డబ్బు పెట్టనక్కరలేదు. ఫిజియోథెరపీ వారు ఎముకలు, కండరాలు, నరాల మీద మిగతా అందరికన్నా ఎక్కువ సమయం పెట్టాలి. ప్రతి కండరానికీ పుట్టుక, అతుకు, నరం, పని అనే నాలుగూ తమ చేతినే కదిలిస్తూ చెప్పుకోవాలి. ఎంబీబీఎస్ వారికి బోన్ సెట్, డిసెక్షన్‌కు ముందు గీసుకునే పేజీ, ఆంకి తప్పనిసరి అన్నదే నా సలహా. హాస్టల్లో ఉన్నవారు జట్టును, ఇంటి నుంచి వచ్చేవారు కార్డులను ఎక్కువగా నమ్ముకోవచ్చు.

సమయం మూడు వారాలే ఉన్నవారు కొత్త పద్ధతులు ఏవీ మొదలుపెట్టవద్దు. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పాత పేపర్లు జిరాక్సు తీయించుకుని, రోజుకు ఒక పెద్ద ప్రశ్న, నాలుగు చిన్న ప్రశ్నలు గడియారం పెట్టుకుని, బొమ్మలతో సహా రాసి, ఎర్ర సిరాతో దిద్దుకోండి. సాయంత్రం అరగంట ఎముకలు పట్టుకుని ఏ వైపువో, ఏ నరం ఎక్కడ నడుస్తుందో పైకి చెప్పండి. దిద్దినప్పుడు తప్పిన జవాబులను మాత్రమే మూడో రోజు మళ్లీ రాయండి.